గురువుగారి సన్నాయి పీక

ఏడుకొండలు గారి దగ్గర సన్నాయి నేర్చుకున్న వాళ్ళందరికీ ఒక నియమం తెలుసు. ఎవరి పీక వారిదే. సన్నాయి కొసన తొడిగి, నోట్లో పెట్టుకుని ఊదే ఆ గడ్డి పీకను ఒక్కొక్క శిష్యుడి చేతా ఒక్కొక్క రేకు డబ్బీలో పెట్టించి, డబ్బీ మీద మేకుతో పేరు గీయించేవారు. ఒకడి పీక మరొకడు ముట్టుకున్నాడా, ఆ పూటకి పాఠం లేనట్టే. తన పీకనైతే చచ్చినా ఎవరి చేతికీ ఇచ్చేవారు కారు. ఇంత విద్య ఇచ్చే మనిషికి ఇంత గడ్డిముక్క దగ్గర పిసినారితనమేమిటో అని శిష్యులు చాటున నవ్వుకునేవారు. అది ఆయన చెవిన పడినా పడనట్టే ఊరుకునేవారు.

కరోనా వచ్చిన రెండో ఏడు, వైశాఖంలో ఒక ఉదయం వీరబాబు ఆయన అరుగు ముందుకు వచ్చాడు. ఆయన శిష్యుల్లో చేయి తిరిగినవాడు వీరబాబే. ఏడాదిగా పెళ్ళిళ్ళు లేక, ఉన్నవాటికి మేళం పెట్టక, సన్నాయి గోడకి తగిలించి గిలగిల్లాడిపోయాడు పాపం. ఇన్నాళ్ళకి ఒక పెద్దింటి పిలుపు దొరికింది. ఎల్లుండే ముహూర్తం. ఆ ఉత్సాహంలో కార్డులు కూడా అచ్చేయించాడు. మొదటిది గురువుగారికి ఇద్దామని తెచ్చాడు. కార్డు మీద వాడి ఫోటో, పేరు, పేరు కింద ‘బుచ్చన్న గారి బాణీ’ అని బంగారు రంగు అక్షరాలు. బుచ్చన్న గారంటే ఏడుకొండలు గారి గురువు. ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది, వీరబాబు ఆయన్ని చూడనైనా లేదు.

ఏడుకొండలు గారు మూతికి కండువా చుట్టుకుని, కుర్చీ నాలుగు బారలు వెనక్కి లాక్కుని, కార్డు అరుగు మీద పెట్టమన్నారు. కోడలు గ్లాసుతో ఏదో తెచ్చి అరుగు చివర పెట్టి వెళ్ళింది. వీరబాబు గటగటా తాగేసి, కాఫీ బావుందండీ అన్నాడు. అది కాఫీ కాదు. ఆ రోజుల్లో అందరిళ్ళలో కాచినట్టే వాళ్ళింట్లోనూ కాచిన తిప్పతీగ కషాయం. గుక్కెడు మింగితే చేదుకి మొహం అష్టవంకరలు పోవాలి. వీరబాబు మూతి కూడా తుడుచుకోలేదు.

ఏడుకొండలు గారు ఖాళీ గ్లాసు వంక చూశారు. నోటికి రుచి పోయి ఎన్నాళ్ళయిందిరా అని అడిగారు. మూడు రోజులని నసిగాడు వీరబాబు. ఒళ్ళు వెచ్చబడిందట, మాత్ర వేసుకుంటే తగ్గిందట. పరీక్ష చేయించుకున్నావా అంటే లేదు. పోనీ టీకా సూది వేయించుకున్నావా అంటే అదీ లేదు. సూది వేయించుకుంటే దమ్ము తగ్గిపోతుందని, ఊదేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని ఎవరో ఫోన్‌లో పంపారట. ఏడుకొండలు గారు డెబ్బై నాలుగేళ్ళ వయసులో రెండు సూదులూ వేయించుకుని, మర్నాడే ఈ అరుగు మీద కూర్చుని గంటసేపు వాయించారు. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసినదాని కన్నా ఫోన్‌లో వచ్చిందే వాడికి నిజమైపోయింది.

ఎల్లుండి పెళ్ళిలో వీడి పక్కన మోచేతికి మోచేయి తగిలేలా కూర్చునేది డోలు గంగరాజు. అరవై దాటాయి, చక్కెర జబ్బు ఉంది. ఏడుకొండలు గారికి ఆ ముసలి మొహమే కళ్ళ ముందు ఆడుతోంది. గంగరాజు మాట ఎత్తితే వీరబాబు అసలు మాట బయటపెట్టాడు.

“పరీక్షలో ఉందని తేలితే ఇంక నన్నెవరు పిలుస్తారు గురువుగారూ? ఒకసారి పేరు పోయాక మళ్ళీ వస్తుందా?”

ఏడుకొండలు గారు వాదించలేదు. అరుగు మీద కార్డు వంక ఒకసారి చూసి, తన కుర్రతనపు ముచ్చట ఒకటి ఎత్తుకున్నారు.

అప్పటికి ఏడుకొండలుకి ఇరవయ్యేళ్ళు. పేరు చివర గారు తగలడానికి ఇంకా చాలా కాలం ఉంది. బుచ్చన్న గారి పాఠం తెల్లవారుతుండగా కాలవ గట్టు మీద సాగేది. ఆయన భూపాలం ఎత్తుకుంటే లాకుల దగ్గర పడవల వాళ్ళు గెడలు ఆపేసి నిలబడేవారు. పాఠానికి ముందు ఆయన సంచిలోంచి పీక తీసి, తాంబూలంలా దవడన పెట్టుకుని నానబెట్టేవారు. మెత్తబడ్డాక సన్నాయికి తొడిగి, రెండు స్వరాలు పలికించి చూసి, అప్పుడు ఊదరా అని శిష్యుడి చేతికిచ్చేవారు. గోరువెచ్చని పీక. దానికి తమలపాకు వాసన, లవంగం వాసన. ఇంకొకరు ఎంగిలి చేసిన మంచినీళ్ళు కూడా ముట్టని ఏడుకొండలు, ఆ పీక కోసం మాత్రం రోజూ చేయి చాపుకుని కూర్చునేవాడు. గురువుగారి ఎంగిలి నోట పడితే ఆయన ఊపిరి తనకొస్తుందని వాడి నమ్మకం. ఆ వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతూనే ఉంటుందని చెప్పి, ఏడుకొండలు గారు కళ్ళు తుడుచుకున్నారు.

ఒక మార్గశిరంలో అది ఆగిపోయింది. నీ పీక నువ్వే చేసుకో, చెంబులో నీళ్ళు పోసి నానబెట్టుకో అన్నారు బుచ్చన్న గారు. ఎందుకో చెప్పలేదు. పక్కన కూర్చునే మనిషి పది బారలు దూరం జరిగారు. తను వాడి పారేసే పీకల్ని పొయ్యిలో వేసి కాల్చేసేవారు. శుక్రవారం శుక్రవారం సంతకని చెప్పి బస్సెక్కేవారు, సాయంత్రానికి వట్టి సంచితో దిగేవారు. సరిగ్గా ఆ నెలలోనే ఆయన అల్లుడు సన్నాయి నేర్చుకుంటానని వచ్చి దిగాడు. ఇంకేముంది, విద్యంతా అల్లుడికి దాచిపెట్టి పరాయివాణ్ణి పక్కకి నెట్టేస్తున్నారని ఏడుకొండలు తీర్మానించుకున్నాడు. అల్లుడి చేతికి కూడా పీక ఇవ్వడం లేదన్న సంగతి వాడి కంటికి ఆనలేదు. అసూయతో వాడికి అన్నం కూడా సయించేది కాదు. గురువుగారు దగ్గుతున్నారని వినిపించేది కానీ, చలికాలం దగ్గేగా అనుకున్నాడు.

దగ్గు తెర వచ్చినప్పుడు బుచ్చన్న గారు పాఠం ఆపి లాకుల అవతలికి వెళ్ళిపోయేవారు. ఒకనాడు ఆ సందులో ఏడుకొండలు ఆయన సన్నాయికి ఉన్న పీక ఊడదీసి తన దానికి తొడుక్కున్నాడు. కళ్ళు మూసుకుని మెల్లగా ఊదుకుని, ఆయన వచ్చేలోగా ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఆ రోజంతా వాడి కాళ్ళు నేల మీద ఆనలేదు. మర్నాడూ అంతే. ఐదో రోజు గాలి లాకుల వైపు తిరిగింది. తన పీక పలుకు బుచ్చన్న గారికి తెలియకపోతుందా? చుట్టూ తిరిగి రావడానికి కూడా ఆగకుండా, పంచె తడిసిపోతున్నా చూసుకోకుండా, కాలవలోంచి అడ్డంగా వచ్చేశారు. వస్తూనే సన్నాయి లాక్కుని చెంప ఛెళ్ళుమనిపించారు. ఎనిమిదేళ్ళ శిష్యరికంలో అంతవరకూ వేలు తగలనివ్వని మనిషి. కొట్టి, గట్టు మీదే కూలబడిపోయి, రెండు చేతులతో శిష్యుడి గడ్డం పట్టుకుని, ఎన్నాళ్ళ నుంచిరా అని అడిగారు. ఐదు రోజులనగానే ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

పద అన్నారు, అంతే. తడి పంచెతోనే బస్సెక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. ఇంటికి పంపేస్తున్నారు కాబోలని ఏడుకొండలు ఏడుపు దిగమింగుకుంటూ కూర్చున్నాడు. బస్సు మాత్రం పట్నంలో పెద్దాసుపత్రి ముందు ఆగింది.

దగ్గితే పడే కళ్ళెని పరీక్ష చేసే గది ముందు బారుడు వరుస ఉంది. వరుసలో వీళ్ళకి ఇద్దరి ముందు, కళ్ళు మాత్రం కనబడేలా తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు. చెవి పోగులు చూసి ఏడుకొండలు పోల్చుకున్నాడు, వాళ్ళ ఊరి మునసబు గారు. ఆయన కూతురి పెళ్ళి వైశాఖంలో. సన్నాయి బుచ్చన్న గారిదేనని అప్పటికే తాంబూలం ఇచ్చారు. కిటికీలోంచి కాంపౌండరు తల బయటపెట్టి, ఏం వెంకటరత్నం గారూ, మూడు వారాలుగా సూదికి రావడం మానేశారేం అని గట్టిగా పలకరించాడు. ఆ వెంకటరత్నం ఎవరా అని ఏడుకొండలు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

అప్పుడు తెలిసింది వాడికి. సన్నాయి బుచ్చన్నకి క్షయ అని ఎవరి చెవినైనా పడితే మళ్ళీ ఏ పందిట్లోకీ రానివ్వరని, గురువుగారు దొంగపేరు రాయించుకుని, సంత పేరు చెప్పి సూదులకి వస్తున్నారు. తెలిసినవాళ్ళు బస్సులో కనబడిన వారం సూది ఎగ్గొట్టేస్తున్నారు. అందుకే జబ్బు లొంగడం లేదు. ఇప్పుడు తువ్వాలు లోంచి మునసబు గారి కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. వెంకటరత్నం అన్న మనిషి లోకంలో లేడు. లేని మనిషి జబ్బు ఈ పిల్లాడికి ఎలా అంటిందని డాక్టరుకి చెబుతారు? బుచ్చన్న గారు కిటికీ చువ్వ పట్టుకున్నారు. 

“ఆ పేరు కొట్టేయండి బాబూ. నేను సన్నాయి బుచ్చన్నని. మార్గశిరం నుంచి నాకు క్షయ ఉంది. నా పీక వీడు ఊదాడు, ముందు వీణ్ణి చూడండి.”

వరుసంతా ఇటు తిరిగింది. సాయంత్రం బస్సు ఊళ్ళో ఆగేసరికే కబురు గుప్పుమని ఉంది. చెప్పింది మునసబు గారే. తాను ఆ వరుసలో ఎందుకు నిలబడ్డారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మర్నాడే ఆయన వేరే మేళానికి తాంబూలం ఇచ్చుకున్నారు, ఆయన్ని చూసి మిగతావాళ్ళూ. ఆ వేసవిలో బుచ్చన్న గారి గడప తొక్కిన పెళ్ళివారు ఒక్కరు లేరు.

ఏడుకొండలు కళ్ళెలో ఏమీ లేదన్నారు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. బుచ్చన్న గారికి ఇంక దాచుకోవలసిన పని లేకపోయింది కనుక ఒక్క సూది కూడా తప్పలేదు. ఊదడం మాత్రం డాక్టరు మాన్పించారు. అందుకని రోజూ పొద్దున్నే ఆయన కాలవకి అవతలి గట్టున కూర్చునేవారు, శిష్యుణ్ణి ఇవతలి గట్టున కూర్చోబెట్టేవారు. ఆయన తొడ మీద తాళం వేస్తూ సన్నటి గొంతుతో పాడేవారు, వీడు తన పీకతో వాయించేవాడు. పెళ్ళిళ్ళ తిరుగుడు లేదు, ఊరేగింపులు లేవు, పొద్దెక్కి ఎండ నెత్తికి వచ్చేదాకా అదే పని. తన గురువులు తనకిచ్చిందంతా ఆ ఒక్క వేసవిలో నీళ్ళ మీదుగా ఇవతలికి పంపేశారు. ఎన్నోసార్లు కాలవ దాటి వెళ్ళి ఆ కాళ్ళ మీద పడి ఏడవాలనిపించేదట ఏడుకొండలుకి. లేవబోతే చాలు, అటునుంచే చెయ్యి అడ్డం పెట్టి కూర్చోమనేవారట. తన బతుకులో అంత బాధా, అంత సుఖమూ కలిసి ఉన్న రోజులు మళ్ళీ రాలేదని ఏడుకొండలు గారు అన్నారు. బుచ్చన్న గారు ఆ మరుసటేటికి కోలుకున్నారు. రేకు డబ్బీల మీద పేర్లు గీయించడం అప్పుడు ఆయన మొదలుపెట్టిందే.

చెప్పడం ముగించి ఏడుకొండలు గారు కండువా సరిచేసుకున్నారు. వీధిలో ఒక ఆటో నెమ్మదిగా పోతోంది. బడి దగ్గర మధ్యాహ్నం దాకా కరోనా పరీక్షలు చేస్తారని, భయపడకుండా రమ్మని మైకులో చెబుతోంది. వీరబాబు తాగిన గ్లాసు చేతిలో తిప్పాడు. అది ఇంట్లోకి ఇవ్వకూడదని అప్పుడు తోచినట్టుంది, తీసి తన పక్కనే కింద పెట్టుకున్నాడు.

“మరి, ఆ పోయిన పేరు గురువుగారూ?” అని అడిగాడు చివరికి.

ఏడుకొండలు గారు చేతికర్రతో అరుగు మీద కార్డుని వాడి వైపు జరిపారు.

“నీ పేరు కింద ఏం వేయించుకున్నావో ఓసారి చదవరా.”