చెవిపోటు చెప్పని పిల్ల

అనగనగా సముద్రం పక్కన ఒక పెద్ద ఊరు. ఆ ఊళ్ళో ఎనిమిదో అంతస్తులో సుధాంశు, కల్పలత అని ఒక మొగుడూ పెళ్ళాం. వాళ్ళకి ఇందుజ అని నాలుగేళ్ళ కూతురు. దుప్పటి కప్పుకో, చెబుతా. ఈ కథ చెబితే నాకు కోపమొస్తుంది, ముందే చెబుతున్నా.

వాళ్ళిద్దరూ కాలేజీలో ఇంగ్లీషు రాక నవ్వులపాలయ్యారట. అందుకని పిల్ల పుట్టిన రోజు నుంచీ ఇంట్లో తెలుగు మాటే లేదు. ఉగ్గుపాలతోనే ఇంగ్లీషు పోశారు. సరే, పోశారు. పిల్ల కూడా గలగలా మాట్లాడింది. మాట నేర్చే పిల్ల తప్పులాడదా? నడక నేర్చే పిల్ల పడదా? వీళ్ళు మాత్రం ఇంట్లో ఒక చట్టం పెట్టారు. తప్పు మాటకి జవాబు లేదు. సరిగ్గా చెప్పేదాకా అడిగింది ఇవ్వరు, చెప్పింది వినరు.

అప్పుడు ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగాయి. "మిల్క్ కమ్డ్!" అంటూ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"కమ్డ్ కాదు, కేమ్. మళ్ళీ చెప్పు" అన్నాడు తండ్రి. పిల్ల మళ్ళీ చెప్పేసరికి గిన్నెలో చుక్క మిగల్లేదు.

ఆ తర్వాత ఒక పెళ్ళికి వెళ్ళారు. పిల్ల తల్లి కొంగు పట్టుకు లాగి, "ఐ హోల్డెడ్ ఇట్" అంది. ఒంటేలు ఇంక ఆపుకోలేక అన్నమాట.

"హెల్డ్ అనాలి" అంది తల్లి, నలుగురికీ వినబడేలా. ఈలోగా పట్టు పరికిణీ తడిసిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పళ్ళు రాలిపోనూ!

ఆ తర్వాత పిల్లకి మాట తగ్గింది. "చూశావా, తప్పులు తగ్గాయి" అని ఇద్దరూ మురిసిపోయారు. ఛీ, అదేం మురిపెమే! నోరు తెరిస్తే కదా తప్పు వచ్చేది.

ఇంక మూడోది విను. పిల్లకి చెవిపోటు వచ్చింది. మూడు రోజులు చెవి మీద చెయ్యి పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగో రోజు పొద్దున తలగడ మీద చీము కనబడింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

"చెవిలో పొర చిల్లుపడింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టరమ్మ గదిమింది.

"ఎందుకు చెప్పలేదే నా తల్లీ!" అని కల్పలత ఏడ్చింది. తెలుగులోనే ఏడ్చిందిలే.

పిల్ల చాలాసేపు ఆలోచించి, తనకొచ్చిన ఇంగ్లీషులో మెల్లిగా చెప్పింది. చెవి నొప్పెడుతోందని తప్పు లేకుండా చెప్పడం రాలేదట. వచ్చాక చెబుదామని మూడు రోజులూ లోపల్లోపలే వల్లె వేసుకుందట.

ఆ చెప్పినదాంట్లోనూ తప్పులున్నాయి. సుధాంశు దిద్దడానికి నోరు తెరిచాడు.

"మీరు నోరు మూసుకుని ముందు పిల్ల చెప్పేది వినండి" అంది డాక్టరమ్మ. ఆవిడ అనకపోతే నేనే వెళ్ళి అనేదాన్ని. పోటు పిల్లకి, చెవుడు వీళ్ళకీనూ!

చెవి మానింది. ఆ చట్టం కూడా పోయింది. కానీ ఆ పిల్ల ఇప్పటికీ ఏదైనా చెప్పే ముందు వాళ్ళ మొహాలు చూస్తుందట. దానికి ఏ డాక్టరు మందిస్తాడే?

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
తప్పయినా ఒప్పయినా
నీ మాట నా చెవికి.