ఎడమకు లాగిన బండి

బండి ఎడమకు ఎందుకు లాగిందో మద్దిలేటికి తెలుసు. ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే. అదే అతని కష్టం.

నంద్యాల బైపాసు పక్కన హుస్సేన్ పీరా కార్ల షెడ్డు ఉంది. పీరాను అందరూ ఉస్తాద్ అంటారు. మద్దిలేటి ఆయన దగ్గర పదకొండేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయిందని మద్దిలేటి నమ్మకం. ఉస్తాద్ మాత్రం ఆ మాట ఇంతవరకూ అనలేదు.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. బండికి కొత్త సామాను కొనడానికి విడిభాగాల షాపుకు పోయేవాడు పాత సామాను తుడిచి, గుడ్డలో చుట్టి వెంట తీసుకుపోవాలి. షాపు కౌంటరు మీద కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టాలి. తిప్పి చూడాలి, వేలితో తడమాలి. అప్పుడే తేవాలి. బండి ఏ సంవత్సరంలో తయారైందో కాగితాల్లో ఉంటుంది కదా, అది చెబితే చాలదా అంటే ఉస్తాద్ ఒప్పుకోడు.

"కాగితం బండి పుట్టినప్పటిది. పాత సామాను నిన్నటిది," అంటాడు.

మద్దిలేటికి ఇది నామోషీగా ఉండేది. ఏ బండికి ఏ సామాను పడుతుందో, దాని నంబరెంతో అన్నీ అతనికి నోటికి వచ్చు. పైగా షాపతను ఊరుకునేవాడు కాదు. "మీ ఉస్తాద్ అత్తగారింటికి పోయినా ఈ గుడ్డమూట పట్టుకునే పోతాడేమప్పా?" అనేవాడు. కౌంటరు దగ్గరున్నవాళ్లంతా నవ్వేవాళ్లు. మద్దిలేటి కూడా నవ్వేవాడు, చెవులు ఎర్రబడుతుండగా.

ఓబుళమ్మ బండి వచ్చిన రోజున అతను మూట లేకుండా పోయాడు.

ఓబుళమ్మ, ఆమె అక్క తులశమ్మ గాజులు అమ్ముతారు. ఏ ఊళ్లో సంత ఉంటే ఆ ఊరికి పాత కారులో పెట్టెలు వేసుకుని పోతారు. నడిపేది ఓబుళమ్మ. తులశమ్మ పక్క సీట్లో కూర్చుని గేదెలకూ లారీలకూ కలిపి శాపనార్థాలు పెడుతుంది. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ అన్నం పెడుతున్నది ఆ బండే.

వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేకు నూనె కారుతోందని ఓబుళమ్మ బండిని తెచ్చింది. మద్దిలేటి చక్రం విప్పాడు. బ్రేకు తొక్కినప్పుడు లోపల చక్రాన్ని పట్టి ఆపే వీల్ సిలిండర్ పోయింది. బొటనవేలంత ఇనుప ముక్క. నూనెతో జిడ్డుగా ఉంది. దాన్ని తుక్కు డ్రమ్ములో పడేసి, చేతులు ఊపుకుంటూ షాపుకు పోయాడు. బండి పేరు, సంవత్సరం చెప్పాడు. నంబరు కూడా తనే చెప్పాడు. షాపతను తీసిచ్చాడు.

కొత్తది తెచ్చి పెడితే బోల్టులు చక్కగా కూర్చున్నాయి. నూనె పైపు చక్కగా కలిసింది.

ఇంకో బండి కింద పడుకుని పని చేస్తున్న ఉస్తాద్ అక్కడి నుంచే అడిగాడు. "పాతదాంతో పెట్టి చూస్తివా?"

"చూసినా ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి.

ఆ తర్వాత మూడో రోజున నల్లమల ఘాటు రోడ్డులో సన్నగా తుంపర పడుతోంది. మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. ఓబుళమ్మ బ్రేకు తొక్కింది. బండి ఆగకుండా ఎడమకు తిరిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది. పెట్టెల్లో గాజులన్నీ పగిలిపోయాయి. తులశమ్మ మోకాలు నలిగిపోయింది. ఇక కర్ర లేకుండా నడవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

"నా కాలే తప్పు తొక్కింది," అంది ఓబుళమ్మ, అడిగిన వాళ్లతోనూ అడగని వాళ్లతోనూ.

ఆ మాట నమ్మడానికి ఊరికి సాక్ష్యం అక్కర్లేకపోయింది. డ్రైవరు ఆడది. అంతకంటే ఇంకేం కావాలి? ఎన్నడూ స్టీరింగు ముట్టని మగవాళ్లు సైతం మలుపులో బ్రేకు ఎట్లా తొక్కాలో అరుగుల మీద కూర్చుని వివరించారు. బండిలోనే ఏదైనా లోపముందేమో అని ఆస్పత్రిలో ఒక నర్సమ్మ అడిగితే, ఓబుళమ్మ ఒప్పుకోలేదు. "పీరన్న షెడ్డులో మొన్ననే చేయించిన బ్రేకులమ్మా. వాటినెట్లా అంటాను?" అంది.

గోడకు కొట్టుకున్న నాలుగో రోజున బండిని లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. మద్దిలేటి ఒంటరిగా ఉన్నప్పుడు వెనక చక్రాలు రెండూ విప్పాడు. సిలిండర్ల వీపు మీద లోపలి కొలత అంకెల్లో పోత పోసి ఉంటుంది. కుడివైపు దాని మీద పదిహేడు ఉంది. తను పెట్టిన ఎడమవైపు దాని మీద పంతొమ్మిది ఉంది. పైకి రెండూ కవల పిల్లలే. లోపలి కొలతే వేరు. అందుకే బ్రేకు తొక్కితే ఎడమ చక్రం ఎక్కువగా పట్టింది.

ఓబుళమ్మకు ఈ బండి అమ్మినవాడు ఎప్పుడో వెనక ఇరుసు మార్చి, వేరే ఏడాది బండిది తెచ్చి వేసినట్టున్నాడు. కాగితాల్లో అది లేదు. తుక్కు డ్రమ్ములో పడేసిన ఇనుప ముక్క వీపు మీద మాత్రం ఉండే ఉంటుంది.

మరుసటి రోజు మద్దిలేటి కుడివైపు సిలిండరు విప్పి, గుడ్డలో చుట్టుకుని షాపుకు పోయాడు. షాపతను ఏదో జోకు వేశాడు. మద్దిలేటికి వినపడలేదు. సరైన సామాను తెచ్చాడు.

తెచ్చాడు గానీ, బిగించడానికి చెయ్యి రాలేదు. బిగిస్తే విప్పిందెందుకని ఉస్తాద్ అడుగుతాడు. ఎవరూ చూడకముందే కుడివైపుది మళ్లీ పెట్టి, ఎడమవైపు తప్పుదాన్ని అట్లాగే వదిలి చక్రాలు మూసేశాడు. సరైనది అతని పనిముట్ల పెట్టెలో అడుగున ఉండిపోయింది. ముందు భాగం సొట్టలు తీయడానికి, రేడియేటరు మార్చడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ మద్దిలేటి తలెత్తకుండా పని చేశాడు. బుద్ధిమంతుడయ్యాడని షెడ్డుకు వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు.

ఇరవయ్యో రోజు పొద్దున ఓబుళమ్మ వచ్చింది. బండికి నాలుగడుగుల దూరంలోనే నిలబడింది.

"పీరన్నా, దీన్ని ఎవరికన్నా అమ్మిపెట్టు. నేనింక తొక్కను."

"సంతలకెట్లా పోతావమ్మా?"

"పోము. అక్క నడవలేదు. నేను నడపలేను. సరిపాయె." ఆమె మద్దిలేటి వైపు తిరిగింది. "అబ్బీ, ఒక్క మాట అడుగుతా చెప్పు. బండిలో ఏమన్నా ఉన్నిందా? మలుపులో నేను మెల్లగానే తొక్కినట్టు అనిపిస్తాది. మళ్లా కాదనిపిస్తాది. రాత్రుళ్లు మంచం మీద కాలు దానంతటదే కదుల్తాంది."

మద్దిలేటి నోరు తెరిచాడు. ఉస్తాద్ అక్కడే ఉన్నాడు. పక్క షెడ్డువాళ్లూ చూస్తున్నారు.

"బండిలో ఏం లేదక్కా," అన్నాడు.

ఆమె తల ఊపింది. తెలిసిన సంగతే కదా అన్నట్టు చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా మద్దిలేటి చూశాడు. తర్వాత పెట్టె అడుగు నుంచి కొత్త సిలిండరు తీసి ఉస్తాద్ ముందు పెట్టాడు. పాతదాంతో పోల్చి చూడలేదని చెప్పాడు. చూశానని అబద్ధమాడినట్టు చెప్పాడు. అన్నీ చెప్పి, చివరికి అడగాల్సింది అడిగాడు.

"సరైనది దొరికింది ఉస్తాద్. ఇప్పుడే బిగించేస్తా. బండి బాగైపోతాది. ఆయమ్మకు చెప్పాల్నా?"

ఉస్తాద్ తిట్టలేదు. కొత్త సిలిండరును ముట్టుకోను కూడా లేదు.

"తప్పుది ఇంకా చక్రంలోనే ఉందా?"

"ఉంది."

ఉస్తాద్ లేచి బండ్లు కడిగే నీళ్ల పైపు తీసుకున్నాడు. షెడ్డు వెనకున్న సిమెంటు నేలంతా తడిపాడు. ఓబుళమ్మ బండి ఎడమ తలుపు తెరిచి, తులశమ్మ కూర్చునే సీట్లో కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఒడిలో చేతులు పెట్టుకున్నాడు.

"రా. పోనీ."

"వద్దు ఉస్తాద్. తగుల్తాది."

"పోనీ అంటి గదా."

మద్దిలేటి స్టీరింగు పట్టుకున్నాడు. బండి కదిలింది.

"కొంచెం జోరుగా. ఆ... ఇప్పుడు తొక్కు."

తొక్కాడు. బండి తోక జారి ఎడమకు విసురుగా తిరిగింది. ఉస్తాద్ మోకాలు ముందున్న రేకుకు కొట్టుకుంది. ఆ చప్పుడు మద్దిలేటి పళ్లలో దిగింది.

"ఇంకొక తూరి," అన్నాడు ఉస్తాద్.

ఇంకొకసారి కూడా అంతే. స్టీరింగు అతని చేతుల్లోనే ఉంది, తిన్నగానే ఉంది. బండి మాత్రం ఎడమకే పోయింది.

"ఇంకొక తూరి."

మద్దిలేటి కాలు లేవలేదు. కిందకు చూశాడు, అది ఎవరి కాలో అన్నట్టు.

"మూడోతూరికే నీకు చాతకాలేదు," అన్నాడు ఉస్తాద్. "ఆయమ్మ ఇరవై దినాలుగా తొక్కుతానే ఉంది."

తలుపు తెరుచుకుని కుంటుతూ దిగి, స్కూటరు తీశాడు. మద్దిలేటి వెనక కూర్చున్నాడు. ఓబుళమ్మ వాళ్ల వీధి మొదట్లో ఉస్తాద్ స్కూటరు ఆపాడు.

"నేను రాను. ఈడనే ఉంటా."

ఇంట్లో తులశమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని, గోడవైపు తిరిగి మంచం మీద ఉంది. ఓబుళమ్మ గడప దగ్గర కూర్చుని, పగలకుండా మిగిలిన గాజులను కొలతల ప్రకారం ఏరి పురికొసకు గుచ్చుతోంది. ఒకే గదిలో ఇద్దరూ ఎడమొహం పెడమొహం.

"ఏం అబ్బీ, అప్పుడే బేరమొచ్చిందా బండికి?" అంది ఓబుళమ్మ.

మద్దిలేటి దారంతా కూర్చుకున్న మాటలు గడప దగ్గరే చెదిరిపోయాయి. మిగిలినవే చెప్పాడు.

"అక్కా, నీ కాలు తప్పు తొక్కలేదు. నేను తప్పు సామాను పెట్టినా. నాకు తెలిసి పదిహేను దినాలాయ. పొద్దున నువ్వడిగితే కూడా చెప్పలేదు."

పురికొస ఆగింది. ఓబుళమ్మ అతన్ని చూడలేదు. చాపిన తన కుడి పాదాన్ని చూసుకుంది.

"నాది కాదా?"

"కాదక్కా."

"అయితే నాది కాదు," అంది, ఎవరితోనూ కాకుండా. గాజులు ఒడిలోంచి దొర్లిపోతుంటే లేచి, పెరట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

తిట్టలేదు. తిడితే బాగుండునని మద్దిలేటి నిలబడే ఉన్నాడు. కొట్టినా బాగుండు.

మంచం కిర్రుమంది. తులశమ్మ ఇటు తిరిగింది.

"నేను దాన్ని ఒక్క మాట అనలేదు తెల్సా?" అంది. "ఊరంతా అన్యారు. నేను అనలేదు. నేనెంత మంచిదాన్నో అనుకుంటి. మాట అనలేదు గానీ, దాని మొగం చూడలేదు. అది అన్నం కలిపి పెడితే గోడ తట్టు తిరిగి తింటి. నీళ్లిస్తే ఆడ పెట్టిపో అంటి. ఇరవై దినాలు."

పెరటి తలుపు వైపు చూసింది.

"మోకాలు పోతే పోయిందిలే. నాకు వయసైపాయె. ఆ దినాలు యాడ దొరుకుతాయి అబ్బీ? నువ్వు సామాన్లు తెచ్చేవాడివి గదా. చెప్పు."

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది. మద్దిలేటి గడప దగ్గర దొర్లిన గాజులు ఏరి, మంచం పక్కన పెట్టి వీధిలోకి వచ్చాడు.

ఉస్తాద్ స్కూటరు పక్కన నిలబడి మోకాలు నిమురుకుంటున్నాడు. ఏమన్నారని అడగలేదు. మద్దిలేటే చెప్పాడు.

"ఆ దినాలు యాడ దొరుకుతాయని అడిగింది ఉస్తాద్, ఆ పెద్దామె."

ఉస్తాద్ స్కూటరు స్టాండు తీశాడు.

"నన్నూ ఒకామె అడిగింది," అన్నాడు. "ముప్పై ఏండ్లాయ. అప్పట్నుంచే ఈ గుడ్డమూట."