నూకాలు నిలబెట్టిన మంచం

అనగా అనగా, గోదారి మీద ఒక్క వంతెనా పడని కాలంలో, చెప్పినవాళ్ళే తప్ప చూసినవాళ్ళెవరూ మిగలని కాలంలో, నది నడుమ ఒక లంక ఉండేది. పేరు గువ్వలలంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో మనుషులు. ఏటా ఎర్రనీరు వచ్చేది. ఏటా సామాను సర్దుకుని పడవెక్కి గట్టు చేరేవాళ్ళు. నీరు తీశాక తిరిగొచ్చేవాళ్ళు. ఆ బురదలో పంట విరగకాసేది మరి, ఎలా వదులుకుంటారు?

ఆ లంకకి మూడు కట్టుబాట్లు. రేవులో పడవ ఏ ఒక్కడిదీ కాదు, అందరిదీ. సభలో నిలబడినవాడిదే మాట. ఒకరి మాట ఇంకొకరు మోసుకురాకూడదు.

మొదటిది మంచిదే. మూడోదీ ఒకందుకు మంచిదే. ఎప్పుడో ఎవడో లేని మాట మోసుకొచ్చి రెండిళ్ళ మధ్య నిప్పు పెట్టాడట. రెండోదే చిక్కు. "నిలబడలేనివాడు వరదొస్తే ఏం చేస్తాడు? చెయ్యలేనివాడు చెప్పడం దేనికి?" అని కండలు తిరిగిన తాత ఎవడో పెట్టి ఉంటాడు. ఆ తాతా చివరికి మంచాన పడే ఉంటాడు. అప్పుడేమన్నాడో మనకి తెలీదు. నిలబడలేదుగా, ఎవరు విన్నారు?

ఆ లంకలో నూకాలు అని ఒకావిడ. నులక మంచాలు అల్లేది. అది మొగుడి పని. మొగుడు పోయాక ఆ పనీ, అత్తా ఆమె చేతికొచ్చారు. అత్త పేరు పైడమ్మ. నడుం పడిపోయి ఏళ్ళయింది. నోరు మాత్రం పడలేదు. కోడలు గంజి తెస్తే ఉప్పు తక్కువనేది, ఉప్పేస్తే ఎక్కువనేది. ఆ ఇంట్లో ఇద్దరే ఉండేవాళ్ళు గానీ, వీధిలోంచి వింటే పదిమంది ఉన్నట్టుండేది.

ఆ లంకకి పెద్ద భద్రయ్య. మంచివాడు. మంచివాళ్ళతోనే ఒక్కోసారి చిక్కు, వాళ్ళకి ఎదురు చెప్పడానికి మనసొప్పదు. ఏటా వరదకి ముసలివాళ్ళు పడవలో నానా అవస్థా పడుతున్నారని అతనికి కడుపు తరుక్కుపోయింది. లంక కొసన ఎత్తుగా ఒక దిబ్బ ఉంది. ఎవరికీ బుద్ధి తెలిశాక అది మునిగింది లేదు. దాని మీద ఇటుక గోడలతో సత్రం కట్టించాడు. మంచాలు వేయించాడు. గంజి కాచడానికి ఒకర్ని, కాళ్ళకి నూనె రాయడానికి ఒకర్ని పెట్టాడు. ఎర్రనీరు రాగానే ముసలివాళ్ళని సత్రానికి చేర్చాలి, పిల్లలూ గొడ్లూ ముందు పడవెక్కాలి, చివర్న పడవ దిబ్బకి పోయి పెద్దలని తేవాలి. ఇదీ ఏర్పాటు. అందరూ శభాషన్నారు. అందరూ అంటే, నిలబడ్డవాళ్ళందరూ.

ఆ ఏడు ఎర్రనీరు తొందరగా వచ్చింది. పొద్దున్నే రేవు మెట్టు ఒకటి మునిగింది. భద్రయ్య రేవు పాకలో సభ చేర్చాడు. "మధ్యాహ్నానికల్లా పెద్దలందర్నీ దిబ్బకి మోసెయ్యండి," అన్నాడు.

నూకాలుకి అత్తే గుర్తొచ్చింది. అత్త ఒక్కతీ అక్కడ, తను ఇక్కడ. ముందూ వెనకా చూసుకోకుండా సభలో లేచి నిలబడింది.

"బాబుగారండీ, పెద్దోళ్ళని ఒంటరిగా ఒదిలెయ్యకండి. కోడళ్ళని కూడా సత్రంలోనే ఉండనియ్యండి. మా అత్త నేను లేకపోతే బెంగెట్టుకుంటాదండి."

"మీ అత్త అందా ఆ మాట?" అన్నాడు భద్రయ్య.

నూకాలు ఏమని చెబుతుంది? అత్తని అడగందే!

"చూశావా. ఒకరి మాట ఇంకొకరు మోసుకురాకూడదు. కూర్చో తల్లీ," అన్నాడు.

నూకాలు ఇంటికి పరుగెత్తింది. జరిగింది చెప్పింది. పైడమ్మ కళ్ళెర్రజేసింది.

"నీకోసం బెంగెట్టుకుంటానా నేను? నన్నడిగావా, ఒసే? ఆ భద్రయ్య అడగలేదు, నువ్వూ అడగలేదు. ఆయనకీ నీకూ ఏంటే తేడా?"

నూకాలుకి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ గంజిలో ఉప్పు తక్కువా ఎక్కువా అనే గానీ, నీకేం కావాలత్తా అని అడిగిన పాపాన పోలేదు. మంచం పక్కన నేల మీద కూలబడింది.

"అయితే ఇప్పుడడుగుతున్నా. నీకేం కావాలత్తా?"

"ఆ దిబ్బ వద్దు."

"మంచి ఎత్తుగా ఉంటది గదా?"

"ఎత్తే. కానీ ఆ దిబ్బ నాకంటే చిన్నదే. నేను కాపురానికొచ్చినప్పుడు అక్కడ నీళ్ళే. ఏళ్ళమ్మట గోదారి ఇసక పోసుకుంటా వచ్చింది. పోసినమ్మే తీసుకెళ్తాది. ఎర్రనీరు దాని మీదకెక్కదు, కిందనుంచి తినేస్తాది."

నూకాలు కొంగు బిగించింది. మళ్ళీ పాకకి పరుగెత్తింది. అప్పటికి ఇంకో మెట్టు మునిగింది. ముసలివాళ్ళ మంచాలు ఎత్తడానికి వీధిలో మనుషులు కదులుతున్నారు.

"బాబుగారండీ! దిబ్బ నిలవదంటండి. అడుగంతా ఇసకంటండి. ఈసారి మా అత్తని అడిగే వచ్చానండి!"

భద్రయ్యకి విసుగొచ్చింది. పడవలు ఎక్కించాలి, గొడ్లని తోలాలి, ఈ మనిషి ఒక పక్కన. "కట్టుబాటు తెలీదా నీకు? ఆ మాట చెప్పవలసింది ఆవిడ. ఇక్కడికొచ్చి, నిలబడి చెప్పమను. నిలబడినవాడిదే మాట."

"నడుం పడిపోయిన మనిషండి. మీరే ఒకసారి మా గుమ్మంలోకి..."

"సభ ఇంటింటికీ తిరుగుతుందా?" అని ఎవరో వెనకనుంచి నవ్వారు.

ఇంకొకడన్నాడు, "ముసలాళ్ళకి ఇల్లు కదలడం ఇష్టం ఉండదులే. ఎక్కడ పెట్టినా సణుగుతారు."

గోదారి మాత్రం ఎవరి కట్టుబాటూ చూసుకోకుండా పెరుగుతోంది.

నూకాలు వెనక్కి తిరిగింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. దారంతా "నిలబడినవాడిదే మాట, నిలబడినవాడిదే మాట" అని పళ్ళు నూరుకుంటూ నడిచింది. ఇంటికొచ్చేసరికి ఆ మాటే ఆమెకి దారి చూపించింది. పగలు మంచం వాల్చి ఉంచితే ఇల్లు ఇరుకని అందరూ ఏం చేస్తారు? మంచం ఎత్తి గోడకి నిలబెడతారు. అవునా కాదా?

ఈసారి మాత్రం ముందు అడిగింది.

"అత్తా, నిన్ను మంచానికి కట్టి మంచాన్నే నిలబెడతాను. నెప్పెడతాది. జనం నవ్వుతారు. సరేనా?"

పైడమ్మ కోడలి మొహంలోకి చూసింది.

"అడిగావు గదే. ఇంక ఎత్తు," అంది.

నూకాలు పాత చీరలు తెచ్చింది. గుండెల దగ్గర ఒక కట్టు, నడుం దగ్గర ఒక కట్టు, మోకాళ్ళ దగ్గర ఒక కట్టు. నాలుగిళ్ళ కోడళ్ళని పిలిచింది. తలా ఒక కోడు పట్టారు. బురదలో జారుతూ, ఆగుతూ, రేవు పాక చేరారు. నడిమధ్యకి పోయి, మంచాన్ని తలవైపు ఎత్తి రాటకి ఆనించి నిలబెట్టారు.

సభంతా హాహాకారాలు చేసింది. బతికున్న మనిషిని పాడెకి కట్టినట్టు కట్టి, మంచంతో నిలబెట్టడమేమిటి? ఎంత అపశకునం! కొందరు మొహాలు తిప్పుకున్నారు. కొందరు చెంపలు వేసుకున్నారు. పైడమ్మ మొహం నొప్పికి నల్లబడిపోయింది. పెదవి కొరుక్కుంది గానీ కిక్కురుమనలేదు.

"ఇదేం పని నూకాలూ! మనిషిని కట్టేస్తావా?" అని అరిచాడు భద్రయ్య.

"కట్టెయ్యలేదండి, నిలబెట్టానండి. కాళ్ళు నేలకానాయి, ఒంగి చూసుకోండి. నిలబడినవాడిదే మాటన్నారు. మా అత్త నిలబడింది. వినండి."

భద్రయ్య మనసులో ఏమనుకున్నాడో గానీ, కట్టుబాటు కట్టుబాటే. చేతులు కట్టుకున్నాడు.

పైడమ్మ రొప్పుతూ చెప్పింది. "బాబూ భద్రయ్యా. నీ సత్రం మంచిది. నీ మనసు మంచిది. నీ దిబ్బే మంచిది కాదు. అది నాకంటే చిన్నది. పోసింది గోదారి, తీసుకెళ్ళేదీ గోదారే. మమ్మల్ని ఈ రేవులోనే పడుకోబెట్టు. మొదటి పడవేం అడగట్లేదు, పిల్లల్నే ఎక్కించు. కానీ మేం పడవకి అందేచోట ఉండాలి. అంతే, ఇంక దింపండమ్మా, నా వల్ల కాట్లేదు."

దింపారు. అప్పుడు, పాక అంచున చేరగిలబడ్డ ముసలి తాత ఒకాయన చెయ్యెత్తాడు. "నిజమే. ఆ దిబ్బున్నచోట నేను వలేసేవాణ్ణి," అన్నాడు. ఆయన్ని కూడా అంతవరకూ ఎవరూ అడగలేదు.

భద్రయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎందుకంటే, పదిమందికి ఆదర్శంగా ఉండాలని, పొద్దున్నే తన తల్లి రాగమ్మని అందరికంటే ముందు దిబ్బకి చేర్చేశాడు. తీసుకెళ్తుంటే ఆవిడ అంది కూడా, "ఇసక మీద పడుకోబెడతావురా నన్ను?" అని. పడక మెత్తగా లేదంటోంది కాబోలనుకుని, కొడుకు ఇంకో బొంత పంపించాడు.

"అమ్మా!" అని పరుగు తీశాడు.

ఊరంతా వెనకాల పరుగెత్తింది. అప్పటికే దిబ్బకీ లంకకీ మధ్య పాయ పడిపోయింది. నీళ్ళు గిర్రున సుడి తిరుగుతున్నాయి. దిబ్బ అంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. గంజి కాచే మనిషీ నూనె రాసే మనిషీ సత్రం ముందు నిలబడి చేతులూపుతున్నారు.

పడవ నడిపే పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "తాడు లేకుండా దించితే పడవ సముద్రంలో తేలుతాదండి. అంత పొడుగు తాడు లంకలో లేదండి."

"ఉంది," అంది నూకాలు. "మంచాల్లో ఉంది."

అల్లిన చెయ్యి కదా, ఎక్కడ ముడి విప్పితే నులక మొత్తం ఊడొస్తుందో దానికే తెలుసు. దిబ్బకి మోస్తూ రేవులోనే వరసగా దించేసిన ముసలివాళ్ళ మంచాల దగ్గరికి పోయింది. అంత తొందరలోనూ అడిగింది. "తాతా, నీ నులక ఇస్తావా?" "ఇస్తానమ్మా." "పిన్నీ, నీ నులక?" "తీసుకో తల్లీ." వాళ్ళని బురద మీదే చాపలేసి దింపారు. ఒక్కరూ సణగలేదు. నూకాలు ఊడదీస్తుంటే, కోడళ్ళు మూడేసి పోగులు కలిపి పేనారు, మగవాళ్ళు ముడేసి లాగి చూశారు. అరచేతులు చీరుకుపోయాయి. మంచాలన్నీ ఒట్టి పట్టెలుగా మిగిలాయి. తాడు తయారైంది.

ఒక కొస ఒడ్డునున్న తాటిచెట్టుకి, ఒక కొస పడవకి. పోలయ్యా భద్రయ్యా పడవెక్కారు. సుడి పడవని పక్కకి ఈడ్చింది, తాడు కిర్రుమంది. నూకాలు తాటిచెట్టు దగ్గర ముడి మీద చెయ్యేసి కూర్చుంది. ముడి జారితే తన చేతిలోంచే జారాలి. కళ్ళు మూసుకుని, "తల్లీ గోదారీ, ఆగు తల్లీ," అంటూనే ఉంది.

పడవ చేరింది. రాగమ్మని ఎక్కించారు, మిగతావాళ్ళూ ఎక్కారు. తాడు పట్టుకుని ఊరు ఊరంతా ఈడ్చింది. పడవ ఇవతలికి తగిలిందో లేదో, వెనకాల ధబ్బుమని చప్పుడు. సత్రం గోడ ఒకటి నీళ్ళలోకి ఒరిగింది. తర్వాత రెండోది. తర్వాత దిబ్బే లేదు.

భద్రయ్య తల్లి కాళ్ళ మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. రాగమ్మ కొడుకు తల నిమిరింది.

"బొంత బాగుందిరా నాయనా," అంది. "మాట కూడా వింటే ఇంకా బాగుండేది."

వరద తీశాక సభ చేరింది. భద్రయ్య నిలబడలేదు. వచ్చి నేల మీద కూర్చున్నాడు. అతను కూర్చున్నాక ఇంకెవరు నిలబడతారు? ఆ రోజుతో రెండో కట్టుబాటు పోయింది, అడిగి తెచ్చిన మాటకి మూడోదీ సడలింది. కొత్త సత్రం రేవు పక్కన కట్టారు, ఎక్కడ కట్టాలో, ఎన్ని గుమ్మాలుండాలో, గంజిలో ఉప్పెంతో, పెద్దల మంచాల దగ్గర కూర్చుని అడిగి మరీ కట్టారు. ఉప్పు దగ్గర మాత్రం ఇప్పటికీ తేలలేదనుకోండి.

ఏళ్ళు గడిచాయి. పైడమ్మ పోయింది, భద్రయ్య పోయాడు. నూకాలు కూడా మంచాన పడింది. లంకకి కొత్త పెద్ద వచ్చాడు. కుర్రవాడు, హుషారైనవాడు. ఒకరోజు పదిమందిని వెంటేసుకుని ఆమె గుమ్మంలో నిలబడి, "అవ్వా, నీకోసం మంచి ఏర్పాటు చేశాం. రేపే నిన్ను..." అని మొదలెట్టాడు.

నూకాలు వాళ్ళందర్నీ ఒక్కసారి చూసింది. లేని ఓపిక తెచ్చుకుంది.

"నాయనా," అంది, "నా మంచం ఎత్తమంటావా?"

కుర్రవాడు టక్కున నేల మీద కూర్చున్నాడు. వెనకున్న పదిమందీ కూర్చున్నారు. "చెప్పవ్వా. నీకేం కావాలి?"

ఆమె ఏం అడిగిందో తెలుసా? మంచాన్ని గుమ్మం వైపు తిప్పమంది. వచ్చేపోయేవాళ్ళు కనపడతారని. అంతే. వాళ్ళ ఏర్పాట్లన్నిటిలో ఆ ఒక్కటే లేదు. తిప్పారు. ఆ వైపు చూస్తూనే కొన్నాళ్ళకి కన్నుమూసింది.

పోయినవాళ్ళ మంచం ఇంట్లో ఉంచుకోరు. ఆమె మంచం మాత్రం రేవు పాకలో రాటకి నిలబెట్టే ఉంచారు. పట్టె పుచ్చితే పట్టె మార్చారు, కోడు విరిగితే కోడు మార్చారు, మంచం మాత్రం అదే అంటారు. ఏటా ఎర్రనీరు వచ్చే ముందు ఇంటికో బారెడు నులక తెచ్చి, దాన్ని కొత్తగా అల్లుతారు. సభ చేరితే అందరూ నేల మీదే కూర్చుంటారు. మొదట అడిగే మాట, "మంచం మీదవాళ్ళేమన్నారు?" అని. అడగకుండా ఎవడైనా పెద్దలకి మంచి చెయ్యబోయాడా, అయిపోయాడే. ఇంట్లో గానీ ఊళ్ళో గానీ, ఎవరో ఒకరు అననే అంటారు:

"ఏంట్రా, నూకాలు మంచం ఎత్తమంటావా?"

ఇదర్రా సంగతి. కథ గట్టుకి చేరింది. మీరు కూడా ఇళ్ళకి చేరి, పడుకునే ముందు ఆ మంచం దగ్గర కాసేపు కూర్చోండి. ఏ మంచమో మీకు తెలుసు.