కాశీచెంబుల మూతలు

మాఘ శుద్ధ సప్తమి ఆదివారం, పొద్దు బారెడెక్కిన వేళ. గుడిగంట పోయమని కోటలోంచి తుక్కు రాగి మా ముత్తాత పెంటయ్య కొలిమికి వచ్చింది. అందులో గంగనీళ్లు పోసి మూత మాటేసి అతికించిన పాత కాశీచెంబులు నలభై దాకా ఉన్నాయి. మా ముత్తవ్వ నాంచారమ్మ ఒక్కొక్క మూతే విప్పుతోంది.

"రేపటికి గంట కావాలి. మూతలతోనే కరిగించే మూసలో పడెయ్!" అని కోట పేష్కారు కసిరాడు.

"లోపల నీళ్లుంటే పేలుతుంది బాబూ. మూస దగ్గర నిలబడేది మా ఆయన."

"గుక్కెడు నీళ్లకి ప్రాణాలు పోతాయా? పిరికి మాటలు!"

 ముత్తవ్వ కొలిమి పక్కన ఆయనకి పీట వేసి, రెండు కొసలా కణుపులు మూసుకున్న పచ్చి వెదురుముక్క ఒకటి నిప్పుల్లో పెట్టింది.

"అదేమిటే?"

"ఇందులో గుక్కెడు నీళ్లు కూడా లేవు బాబూ. ఉత్త చెమ్మే."

ఢామ్మని పేలింది! నిప్పులు ఎగిరాయి. పేష్కారు పీటతో సహా వెల్లకిలా పడ్డాడు. దేవుడి దయ, ఒళ్లు కాలలేదు గానీ తలపాగా పొగలు కక్కింది. వీధివీధంతా కొయ్యబారిపోయింది.

"ఇది వెదురు బాబూ, అది రాగి," అంది ముత్తవ్వ మెల్లగా. "పీట సర్దుతాను, కూర్చోండి. చెంబు వెయ్యమంటారా?"

 ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపి, గంటకి ఇంకో రోజు గడువిచ్చి వెళ్లిపోయాడు.

ఆదివారం తులసికి నీళ్లు పోయకూడదు గనక, మర్నాడు తెల్లవారుతూనే ఇంటిల్లిపాదీ కూర్చుని మిగిలిన మూతలన్నీ విప్పి, ఆ గంగను తులసమ్మకు పోసి, అప్పుడు కొలిమి రాజేశారు.