మిగిలిన ఒక్క పిలుపు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక నేరేడు తోపు. తోపు నిండా చిలకలే! పూర్వం పెద్దలు కళ్లారా చూసిన సంగతులూ, చెవిన పడ్డ కబుర్లూ ఒక్కో చిలక ఒక్కోటి కంఠతా పట్టింది. మనకు గ్రంథాలయం ఎలాగో ఆ అడవికి ఆ తోపు అలాగన్నమాట. కింద నిలబడి మాటలు పలికితే, ఆ మాటలన్నీ ఏ చిలక పాఠంలో ఉంటే ఆ చిలక వచ్చి వాలుతుంది. ఇదైనా సరే, అదైనా సరే అన్నా, ఫలానాది వద్దన్నా కూడా వాటికి తెలుస్తుంది. ఒకటే నియమం. రోజుకు మూడు పిలుపులే. ఆపైన గొంతు చించుకున్నా ఒక్క చిలకా పలకదు.

ఒకనాడు లేడమ్మ ఏడుస్తూ వచ్చింది.

"మా బుజ్జిది పొద్దుటి నుంచి నిలబడలేకపోతోంది. కాళ్లు వణికి పడిపోతోంది. ఎల్లుండి మా మంద ఏరు దాటాలి. నడవలేని పిల్లను వదిలి పోవాల్సిందేనట!"

"ఓస్, ఇంతేనా!" అంటూ ఏనుగు మావయ్య తొండమెత్తి "జబ్బు!" అని ఘీంకరించాడు.

తోపంతా లేచింది. జలుబు చిలక, గజ్జి చిలక, పిప్పిపన్ను చిలక, అన్నీ ఒక్కసారే పాఠం మొదలెట్టాయి. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఒక పిలుపు పోయింది.

నక్క బావ నవ్వాడు. "అలా కాదు మావా, వివరంగా అడగాలి." గొంతు సవరించుకుని, "తూర్పు గట్టు మీది లేడమ్మ గారి రెండో పిల్లకు, మేతకెళ్లి వచ్చాక, ఎడమ కాలితో మొదలై నాలుగు కాళ్లూ వణుకుతున్నందుకు మందేమిటి?" అన్నాడు.

ఆకు కూడా కదల్లేదు. అన్ని మాటలూ ఉన్న పాఠం ఏ చిలక దగ్గరుంటుంది చెప్పండి? రెండో పిలుపూ పోయింది.

అప్పుడు ఒక ఏదుపంది ముందుకొచ్చింది. ఒళ్లంతా ముళ్లు, పేరేమో నీలవేణి!

"త్వరగా పిలువమ్మా!" అని అందరూ వెంటపడ్డారు. నీలవేణి పిలవలేదు. ఆ నిదానం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది పిల్లలూ. అంత గోలలో నోరు అదుపులో పెట్టుకుని ఆలోచించడం సామాన్యమా?

చిలకల పాఠాలన్నీ పాతకాలం మాటల్లో ఉంటాయి కదా అని, అది నేరుగా మడుగులోని తాబేలు తాతయ్య దగ్గరకు వెళ్లింది.

"తాతయ్యా, కాళ్లు వణికి పడిపోతే మీ రోజుల్లో ఏమనేవారు?"

"తూలుడు అనేవాళ్లమే. లేళ్లను కూడా జింకలనే అనేవాళ్లం."

"దెబ్బ తగిలి తూలినా అదే మాటా?"

"అదే."

నీలవేణి తోపుకు తిరిగొచ్చి ఒక్కసారే పిలిచింది. "లేడి అయినా సరే, జింక అయినా సరే! తూలుడు! దెబ్బల పాఠాలు వద్దు!"

మూడే మూడు చిలకలు వాలాయి.

"తూలుడు పట్టిన జింకలను నిప్పుల మీద నడిపించాలి" అంది మొదటిది.

"ఎవరు చూశారు?" అని అడిగింది నీలవేణి.

"ఎవరో అనుకుంటే ఎవరో విన్నారట."

"అయితే నువ్వు కూర్చో తల్లీ."

"ముసలితనంలో జింకలకు తూలుడు వస్తుంది" అంది రెండోది.

"మాది చిన్నపిల్ల. నీ పాఠం మాకు కాదమ్మా."

"ఎర్ర చిగుళ్ల తీగ మేసిన జింకపిల్లలకు తూలుడు పట్టింది" అంది మూడోది. "ఆ మేత మాన్పించి, ఏటి నీళ్లు తాగించి, నీడన పడుకోబెడితే మర్నాటికి లేచాయి. అడవిదున్న గౌరమ్మ ఏడు పిల్లల్ని దగ్గరుండి చూసి చెప్పింది."

లేడమ్మ పరుగున పోయి బిడ్డ నోరు చూసింది. పెదవులు ఎర్రగా ఉన్నాయి!

చిలక చెప్పినట్టే చేశారు. మూడో రోజు పొద్దున మంద ఏరు దాటింది. అందరికన్నా వెనక, కాస్త తడబడుతూనే, బుజ్జిది కూడా అవతలి గట్టెక్కింది. లేడమ్మ వెనక్కి తిరిగి నీలవేణికి తల వంచింది.

"ఇంత గొంతుండి నేను చేసిందేముంది!" అన్నాడు ఏనుగు మావయ్య.

"నాదేముంది మావయ్యా, మాట తాతయ్యది, చూపు గౌరమ్మది" అంది నీలవేణి.

ఆనాటి నుంచి ఏనుగు మావయ్య తోపుకు వెళ్లే ముందు మడుగు దగ్గర ఆగుతున్నాడు.

నీతి: అడిగే ముందు సరైన మాట వెతుక్కోవాలి; జవాబు దొరికాక, అది ఎవరు చూసి చెప్పారో అడగాలి.