వరహాలమ్మ సంతకం

రేగులవలస సర్పంచి వరహాలమ్మ ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు గానీ, భర్త చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టేది.

సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించడంతో ఆమె పోటీ చేసి గెలిచింది. ఆ తర్వాత సమావేశాలకు వెళ్లడం, అధికారులతో మాట్లాడడం అంతా భర్త అప్పలస్వామే చూసుకునేవాడు. వరహాలమ్మ పదో తరగతి దాకా చదువుకుంది. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు భయం వేసేది.

"ఈ తలనొప్పులన్నీ నీకెందుకు? నేనున్నాను కదా!" అనేవాడు అప్పలస్వామి. ఆమెకూ అదే హాయిగా ఉండేది.

ఆ ప్రాంతం నుంచి మొట్టమొదట పార్లమెంటుకు వెళ్లిన మహిళ విశాలాక్షమ్మ ఆ ఊరి ఆడపడుచే. ఆమె కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆ ఏడాది ఆమె శతజయంతి వచ్చింది. ఊరి మధ్యలో నిలువెత్తు విగ్రహం పెట్టి, చుట్టూ చిన్న పార్కు కట్టించాలని అప్పలస్వామి ముచ్చటపడ్డాడు. ఊరంతా తిరిగి చందాలు పోగుచేశాడు. ఇక స్థలం కావాలి. ఊరి మధ్యలో పాత పురుళ్ల ఆసుపత్రి ఉంది. పైకప్పు కారుతోందని ఏడాదిగా దానికి తాళం వేసి ఉంచారు. అక్కడి నర్సును వేరే ఊరికి పంపేశారు.

"ఎలాగూ మూతపడిందే కదా, దాన్ని పడగొడితే సరి" అన్నాడు అప్పలస్వామి. తీర్మానం రాయించి ఇంటికి తెచ్చాడు. వరహాలమ్మ పులుసులో గరిటె తిప్పుతూ, చేయి తుడుచుకుని సంతకం పెట్టేసింది.

రెండు రోజుల తర్వాత రవణమ్మ వచ్చింది. ఆమె ఆ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసిన ముసలావిడ. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆసుపత్రి పడగొట్టమని సంతకం పెట్టావటగా అమ్మా?"

వరహాలమ్మ తెల్లబోయింది. "నాకు తెలీదు పిన్నీ. ఆయన తెచ్చిన కాగితం మీద పెట్టాను."

"ఆ ఆసుపత్రి తెచ్చింది ఎవరనుకున్నావు? విశాలాక్షమ్మ గారే. ఆవిడ అక్కగారిని బండిలో పట్నం తీసుకెళ్తుండగా కాన్పు కష్టమై దారిలోనే పోయింది. ఢిల్లీ వెళ్లాక ఆవిడ మొదట అడిగింది దీన్నే. అది పడగొట్టి ఆవిడకు విగ్రహం పెడతారా?" అంది రవణమ్మ. "మొన్న మన గౌరికి వంతెన దగ్గర ఆటోలోనే పురుడొచ్చింది. నేను పక్కనున్నాను కాబట్టి తల్లీబిడ్డా బతికి బయటపడ్డారు. ఈసారి ఎవరుంటారు?"

వరహాలమ్మ తల దించుకుంది. "ఆయనకు చెప్పి చూస్తాను పిన్నీ."

"మీ ఆయన మీద నాకు కోపం లేదమ్మా. ఆయనకు మేం ఓటు వెయ్యలేదు. నీకు వేశాం."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. మెల్లగా అడిగింది. "విశాలాక్షమ్మ గారికి అంతమంది మగవాళ్ల ముందు మాట్లాడాలంటే భయం వేసేది కాదా?"

"ఎందుకు వెయ్యదు? మొదటిసారి లేచినప్పుడు కాళ్లు వణికాయని ఆవిడే చెప్పేది. ముందున్న బల్ల పట్టుకుని నిలబడిందట. భయం పోయాక మాట్లాడదామనుకుంటే ఈ జన్మకు మాట్లాడేదాన్ని కాదు రవణా, అనేది."

ఆ శుక్రవారం గ్రామసభ జరిగింది. కార్యదర్శి తీర్మానం చదివాడు. అప్పలస్వామి నవ్వుతూ మైకు అందుకోబోయాడు. వరహాలమ్మ లేచి నిలబడింది.

"నువ్వు కూర్చో. నేను చెబుతాను" అన్నాడు అతను మెల్లగా.

"ఈ సభకు అధ్యక్షురాలిని నేను. మీరే కూర్చోండి" అంది వరహాలమ్మ. గొంతు సన్నగానే ఉంది, కానీ మైకులో అందరికీ వినిపించింది.

"ఆ కాగితం మీద సంతకం నాదే. చదవకుండా పెట్టాను. తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే. మన ఆడవాళ్లు దారిలో చచ్చిపోకూడదని విశాలాక్షమ్మ గారు తెచ్చిన ఆసుపత్రి అది. నేను ఈ తీర్మానం ఒప్పుకోను. విగ్రహానికి ఇచ్చిన చందాలతో పైకప్పు బాగుచేయిద్దాం. ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి."

ముందు రవణమ్మ చేయి లేచింది. తర్వాత బిడ్డను ఒళ్లో పెట్టుకున్న గౌరి చేయెత్తింది. ఆడవాళ్లంతా ఎత్తారు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ ఎత్తారు. కార్యదర్శి పాత తీర్మానం కొట్టేసి కొత్తది రాశాడు. వరహాలమ్మ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.

అప్పలస్వామి వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. నలుగురిలో చిన్నతనమైందని బాధపడ్డాడు. వరహాలమ్మ బతిమాలలేదు, దెబ్బలాడలేదు. నర్సును మళ్లీ వేయమని అడగడానికి ఒక్కతే బస్సెక్కి జిల్లా ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగింది. ఆమె అయిదోసారి బయలుదేరుతుంటే అప్పలస్వామి చెప్పులు తొడుక్కుని, "పద, బస్సు దాకా వస్తాను" అన్నాడు. ఆమెను బస్సెక్కించి, తను బస్టాండు నుంచే వెనక్కి వెళ్లాడు. ఆ రోజే నర్సును వేస్తున్నట్టు ఉత్తర్వు ఆమె చేతికొచ్చింది.

శతజయంతి రోజున పట్నం నుంచి పెద్దలు పూలదండలతో వచ్చారు. "విగ్రహం ఏదమ్మా?" అని అడిగారు. వరహాలమ్మ వాళ్లను ఆసుపత్రి లోపలికి తీసుకెళ్లింది. కొత్త కప్పు కింద బెంచీల మీద ఆరేడుగురు గర్భిణులు కూర్చున్నారు. నర్సు ఒక్కొక్కరినే పిలిచి చూస్తోంది. గోడకు విశాలాక్షమ్మ ఫొటో ఉంది. వచ్చిన పెద్దలు గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు విడిచి వచ్చి, తెచ్చిన దండలు ఆ ఫొటోకే వేశారు.

మనకు దారి వేసిన గొప్పవాళ్లను గౌరవించడమంటే వారికి విగ్రహాలు కట్టడం కాదు. వారు సాధించిపెట్టిన హక్కును భయపడకుండా వాడుకుని, వారు మొదలుపెట్టిన పనిని నిలబెట్టడం.