తోక దగ్గర పలకరింపు

ఒకప్పుడు, కుక్కలకు కూడా మన మర్యాదలే ఉన్న రోజుల్లో, రెండు కుక్కలు ఎదురుపడితే ముఖంలో ముఖం పెట్టి పలకరించుకునేవి. ఒకటి కళ్లలోకి చూసి "బాగున్నవా?" అనేది. రెండోది "నన్నెందుకట్ల గుడ్లురిమి చూస్తున్నవ్?" అనేది. అంతే, చెవులు చిరిగేవి. ఆ రోజుల్లో రెండు చెవులూ నిండుగా ఉన్న కుక్కను చూడాలంటే పదూళ్లు తిరగాలి.

అప్పుడు ఒక గుట్ట కింద ఐలవ్వ అనే గొర్రెల కాపరి ఉండేది. అరవై గొర్రెలు, ఒక గొంగడి, చేతిలోంచి దిగని మందకర్ర, బూరిగాడనే ముసలి కుక్క, ఇదే ఆమె సంసారం. బూరిగాడికి ఒక కన్ను మసకబారింది, ఒక కాలు కుంటి. ఆ సంగతి గుట్ట మీది తోడేలుకు తెలిసిపోయింది. వారం తిరక్కుండా మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది.

ఐలవ్వ కళ్లు తుడుచుకుని, పక్క ఊళ్లో ఉన్న అక్క మందనుంచి చుక్క అనే పడుచు కుక్కను తెచ్చుకుంది. అక్క ఒకే మాట చెప్పింది.

"పొద్దుగూకే వరకు రెండిటికి పొసగకుంటే నా కుక్కను నాకు తెచ్చియ్యి చెల్లె. కుక్కలు కొట్లాడుకుంట కూసుంటే తోడేలుకు పండుగే."

పొసగడానికి ఐలవ్వకు తెలిసిన దారి ఒక్కటే, పెళ్లిచూపులు. రెండింటికీ స్నానం చేయించింది. నుదుట బొట్టు పెట్టింది. గొంగడి పరిచి ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఒకే గిన్నెలో జొన్న అంబలి పోసింది. ఒక్క గిన్నెలో తింటే పొత్తు కుదురుతుందని వాళ్లింట్లో పెద్దల మాట.

"సిగ్గుపడకు బిడ్డా, తలెత్తి తాతను చూడు," అంది చుక్కతో. "నువ్వు గూడ పిల్లను మంచిగ చూడరా," అంది బూరిగాడితో.

చూశాయి. మంచిగానే చూశాయి.

"ఇది నా గిన్నె," అన్నాడు బూరిగాడు.

"అవ్వ నాకే పోసింది," అంది చుక్క.

మరుక్షణం గిన్నె తుమ్మచెట్టు మీద ఉంది, అంబలి ఐలవ్వ నెత్తి మీద ఉంది.

ఎలాగో విడదీసి రెండింటి మెడలకూ తాళ్లు కట్టింది. కానీ చెరోవైపు లాగుతుంటే ఒక్క మనిషి ఏం పట్టుకుంటుంది?

"ఒక తాడు జరసేపు పట్టుకోరాదే," అని తుమ్మచెట్టును అడిగింది.

"పట్టుకుంట గాని మళ్ల ఇడువ. ముండ్లాయె," అంది తుమ్మచెట్టు.

"మేం పట్టుకుంటం అవ్వా," అని గొర్రెలు ముందుకొచ్చి, తాడు కొసను జానెడు నమిలి మింగేశాయి.

గాలిని అడిగితే, "నాకు చేతులేవి అవ్వా? వాసనలు మోసుడొక్కటే వస్తది," అంది.

"ఎవ్వలు రాకుంటే నా నడుం లేదా," అని ఐలవ్వ రెండు తాళ్లూ తన నడుముకే కట్టుకుంది.

ఇక చూడాలి. చుక్క తన వెనక చేరి కరుస్తుందేమోనని బూరిగాడి అనుమానం. బూరిగాడు తన వెనక చేరతాడేమోనని చుక్క అనుమానం. దాని వెనక్కి ఇది, దీని వెనక్కి అది, ఐలవ్వ చుట్టూ గిరగిరా పరుగు. తాళ్లు ఆమెకు చుట్టుకుంటున్నాయి, పొట్టివవుతున్నాయి. గొర్రెలు ఒకటి, రెండు, మూడు అని చుట్లు లెక్కపెట్టి, అంతవరకే వచ్చు గనుక మళ్లీ ఒకటి అన్నాయి.

అక్కడికి తాడు అయిపోయింది. బూరిగాడి ముక్కు చుక్క తోక దగ్గర, చుక్క ముక్కు బూరిగాడి తోక దగ్గర ఆగాయి. గాలి తనకు వచ్చిన ఒక్క పనీ చేసింది.

బూరిగాడు వాసన చూశాడు. ఈ పిల్ల నిన్నటినుంచి ఏమీ తినలేదు. తల్లిని వదిలి వచ్చింది. మీదికి దూకింది కోపంతో కాదు, భయంతో.

చుక్క వాసన చూసింది. ఈ ముసలాయన కాలికి తోడేలు కరిచిన గాయం ఇంకా మానలేదు. కొత్త కుక్క వచ్చింది కదా, ఇక తనను వెళ్లగొడతారని లోపల ఒకటే దిగులు.

ముఖాలు ఈ సంగతులేవీ చెప్పలేదు, పళ్లు మాత్రమే చూపించాయి. తోకకు బుకాయించడం రాదు.

"నిన్నెవ్వలు ఎల్లగొట్టరు తాతా," అంది చుక్క. "నాకీ గుట్ట తెల్వదు. నువ్వు జెప్పకుంటే నేనెట్ల కాయాలె?"

బూరిగాడి తోక మెల్లగా ఊగింది. "ముందుగాల తిను బిడ్డా. అవ్వ నెత్తి మీద ఇంకింత అంబలున్నది," అన్నాడు.

ఇద్దరూ కలిసి ఐలవ్వ నెత్తి శుభ్రంగా నాకారు. ఆమెకు చక్కిలిగింతలు పుట్టి ఒకటే నవ్వు.

ఇంతలో పొద్దు వాలింది. తోడేలు దిగింది. అవ్వ చుట్టూ తాళ్లు, కుక్కలకు తాళ్లు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకుని దగ్గరికొచ్చింది.

"చుట్టిన చుట్లన్ని ఇప్పుకుంట ఎనకకు మర్లు," అన్నాడు బూరిగాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి ఒకే పరుగు. ఐలవ్వ బొంగరంలా తిరిగింది, ఆమె చేతిలోని మందకర్రా తిరిగింది. అది తోడేలు మూతి మీద ఎన్నిసార్లు తగిలిందో గొర్రెల్నే అడగాలి. మూడు అని చెబుతాయి. తోడేలు మళ్లీ ఆ గుట్ట దిగలేదు.

పొద్దుగూకినా కుక్క తిరిగి రాలేదేమని మర్నాడు అక్క వచ్చింది. చుక్క, బూరిగాడు ఒకరి మీద ఒకరు తల పెట్టి నిద్రపోతున్నారు.

"ఎవ్వల సాయం లేకుండ ఎట్ల కలిపినవే?" అంది.

"నేనేం కలపలే అక్కా," అంది ఐలవ్వ, ఇంకా తల తిరుగుతుంటే గుంజ పట్టుకుని. "ముఖాలు జూపి నేను చెడగొట్టిన. తోకలు జూసుకొని అవే కలిసినయ్."

గొర్రెలు ఈ కబురు మంద మందకూ చెప్పాయి. అప్పటినుంచే, కొత్త కుక్క ఎదురైతే పాత కుక్క నేరుగా ముఖంలోకి చూడదు. పక్కనుంచి వంకరగా వస్తుంది, ఒక చుట్టు తిరుగుతుంది, తోక దగ్గర ముక్కు పెట్టి అడుగుతుంది, "తిన్నవా బిడ్డా? భయమైతుందా?" అని.